స్టిక్కరు గారి దివ్య సముఖానికి

నా ల్యాప్‌టాప్ కింది మూతకి పది స్క్రూలున్నాయి. తొమ్మిది సామాన్య ప్రజలు. పదోది మాత్రం నెత్తిన గొడుగు పట్టించుకుని కూర్చుంది. ఆ గొడుగు ఒక స్టిక్కరు. చిటికెనవేలి గోరంత కాయితం ముక్క. భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో దానిమీద ఓ శాసనం: దీన్ని తొలగిస్తే వారంటీ చెల్లదు.

స్టిక్కరు గారూ, ఇన్నాళ్లూ తమర్ని తక్కువ అంచనా వేశాను, క్షమించాలి. లోపల ప్రాసెసరుంది, దానిలో కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లున్నాయి, మదర్‌బోర్డుంది, బ్యాటరీ ఉంది. యంత్రం బతుకు వాటి చేతుల్లో ఉంటుందని అమాయకంగా నమ్మాను. కాదట. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక గొంతులో మాంత్రికుడి ప్రాణం ఉన్నట్టు, ఈ యంత్రం ప్రాణమంతా తమరి జిగురులో ఉందట.

నా నేరం చెప్పుకుంటాను. కొన్నప్పుడు ర్యామ్, అంటే తెరిచిన పనులన్నీ పరుచుకునే మెమరీ, 8 జీబీ. బ్రౌజర్‌లో ఓ పది ట్యాబ్‌లు, ఒక వీడియో కాల్, ఒక ఎక్సెల్ షీటు తెరిస్తే చాలు, ఫ్యాను రొప్పడం మొదలు. ర్యామ్‌లో చోటు చాలక సరుకంతా ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మీదికి మోయడం, కావలసినప్పుడు మళ్లీ వెనక్కి మోయడం, ఈ కూలిపనితోనే దానికి తెల్లారిపోయేది. మూత కింద రెండు స్లాట్లున్నాయి. ఒకదాంట్లో ఆ 8 జీబీ స్టిక్కు, రెండోది ఖాళీ.

ఆ ఖాళీ స్లాటు నేను ఉలితో చెక్కింది కాదు. వాళ్లే పెట్టారు. పెట్టి, 32 జీబీ దాకా పెంచుకోవచ్చని పెట్టెమీద గొప్పగా వేసుకున్నారు. అంతటితో ఆగారా? వాళ్ల వెబ్‌సైట్‌లోనే సర్వీస్ మాన్యువల్ ఉంది. ఏ స్క్రూ ముందు విప్పాలి, మూత ఏ మూల నుంచి ఎత్తాలి, స్టిక్కు ఎలా తియ్యాలి, ఎలా పెట్టాలి, అన్నీ బాణం గుర్తులతో బొమ్మలేసి మరీ చెప్పారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకే కంపెనీ. కుడిచేత్తో వరమిచ్చి ఎడమచేత్తో స్టిక్కరంటించారు.

సరే, ఇంకో 8 జీబీ స్టిక్కు కొని ఓ ఆదివారం ముహూర్తం పెట్టాను. ఛార్జర్ పీకాను. ఇనప వస్తువు ముట్టుకుని ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు వదిలించుకున్నాను. ఇది మాత్రం నవ్వులాట కాదు. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి. అందులో ముప్పయ్యోవంతుకే ప్రాణం వదిలే చిప్పులున్నాయి. అంటే మనకి తెలియకుండానే చంపేయగలం. కార్పెట్ మీద కూర్చుని ర్యామ్ మార్చే వీరుల మీద నాకు బొత్తిగా సానుభూతి లేదు.

తొమ్మిది స్క్రూలు విప్పి పదో స్క్రూ ముందు నిలబడ్డాను. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చగా ఊదితే జిగురు కరిగి చెక్కుచెదరకుండా వస్తుందని ఓ మిత్రుడి సలహా. ఊదాను. పది నిమిషాలు ఊదాను. నా యంత్రాన్ని నేను తెరుచుకోవడానికి, మా ఇంట్లో, తలుపు గడియ పెట్టుకుని, ఉత్తరం కవరు దొంగతనంగా విప్పుతున్న గూఢచారిలా ఊదాను. వచ్చింది. సగం. మిగతా సగం స్క్రూ మీదే ఉండిపోయి, ‘చెల్లదు చెల్లదు చెల్లదు’ అని వరసగా అచ్చు దిగింది. పీకగానే తిట్టేలా తయారుచేశారన్నమాట. ఈ కాయితం ముక్క తయారీ మీద పెట్టిన బుర్రలో పావు వంతు ఆ ఫ్యాను మీద పెట్టి ఉంటే!

మిగిలిన పని రెండు నిమిషాలు. మూత తీశాక బ్యాటరీ కనెక్టర్ పీకాను. మాది డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్, 262 పిన్నుల స్టిక్కు. పాత తరం డీడీఆర్4కి 260. పొరపాటున పాతదీ కొత్తదీ కలుపుతామని గాడి కూడా వేరేచోట పెట్టారు, ఎంత తొక్కినా దిగదు. బంగారు పూత ఉన్న అంచు ముట్టుకోకుండా ఏటవాలుగా స్లాట్‌లోకి దూర్చి కిందికి నొక్కితే, రెండు పక్కలా క్లిప్పులు ‘టిక్’మంటాయి. అంతే. పేగుల ఆపరేషన్ లాంటిదేమో అనుకుని ఏళ్ల తరబడి భయపడినవాళ్లు ఆ ‘టిక్’ విన్నాక కాసేపు సిగ్గుపడతారు. మూత బిగించి స్విచ్ నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆ టెన్షన్‌లో తలచుకోని దేవుడు లేడు. కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి డీడీఆర్5 తన లెక్కలు తాను సరిచూసుకుంటుందనీ, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారనీ, అప్పుడు తొందరపడి స్విచ్ ఆపకూడదనీ తర్వాత తెలిసింది. తెర వెలిగింది. 16 జీబీ. ఫ్యాను మూగబోయింది.

మూడు నెలలు హాయిగా గడిచాక హింజ్, అదే తెరని పట్టుకునే కీలు, విరిగింది. తెర ఓ పక్కకి వాలిపోయి తూలుతోంది. వారంటీ ఇంకా ఆరు నెలలుంది. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను.

కౌంటర్ దగ్గర కుర్రాడు తెర వైపు చూడనైనా చూడలేదు. యంత్రాన్ని బోర్లా తిప్పాడు. ఫోన్ టార్చ్ వేశాడు. వేసి, లోపలికి చూసి, “అన్నా, ఒకసారి రా” అన్నాడు. ఇంకొకాయన వచ్చాడు. ఆయన కళ్లజోడు మార్చుకున్నాడు. ఇద్దరూ కలిసి మూడో ఆయన్ని పిలిచారు. మూడు తలకాయలు ఒక స్క్రూ మీదికి వంగాయి. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు తీశారు. విరిగిన హింజ్‌కి ఒక్కటి కూడా తియ్యలేదు.

“సార్, ఇక్కడ స్టిక్కరు లేదు.”

“తెర ఊగుతోంది బాబూ.”

“స్టిక్కరు ఎవరు తీశారు సార్?”

“నేనే.”

ముగ్గురూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇంత తొందరగా నేరం ఒప్పుకునే ముద్దాయి వాళ్లకి తగిలినట్టు లేదు.

“ఎందుకు తీశారు సార్?”

“దాని కింద స్క్రూ ఉంది కనక.”

కుర్రాడు దాన్ని చాలాసేపు టైప్ చేశాడు. తొంగి చూస్తే ‘కస్టమర్ అంగీకరించారు’ అని ఉంది.

“ర్యామ్ వేస్తే హింజ్ ఎలా విరుగుతుంది?” అన్నాను.

కళ్లజోడాయన కాస్త ఆలోచించి, “లోడ్ పెరిగి ఉంటుంది సార్” అన్నాడు.

ఆ స్టిక్కు పది గ్రాములుంటే గొప్ప. పైగా హింజ్ మోసేది తెరని. ర్యామ్ ఉండేది కింద, కీబోర్డు అడుగున. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమన్నది సామెతగా వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. హింజంటే ల్యాప్‌టాప్‌కి మోకాలే కదా, ఆ ముడి ఆ రోజు కళ్లారా చూశాను. “పోనీ 16 జీబీ తీసేసి 8 జీబీతోనే ఇస్తాను, బరువు తగ్గుతుంది, బాగుచెయ్యండి” అన్నాను. “స్టిక్కరు రాదు కద సార్” అన్నాడు కుర్రాడు, చనిపోయినవాళ్ల గురించి మాట్లాడే గొంతుతో.

కుర్రాణ్ణి ఏమీ అనను. అతని ముందున్న ఫారంలో స్టిక్కరుకి ఒక గడి ఉంది, న్యాయానికి గడి లేదు.

తమాషా ఏమిటంటే, నేను వేసిన ఆ స్టిక్కుకి దాని తయారీదారు ఇచ్చింది జీవితకాల వారంటీ. చాలామంది ర్యామ్ తయారీదారులు అలాగే ఇస్తారు. జీవితకాలం భరోసా ఉన్న వస్తువుని లోపల పెడితే ఏడాది భరోసా ఉన్న వస్తువుకి నూరేళ్లు నిండాయి. స్టిక్కు దూరితే స్టిక్కరు చచ్చింది.

నేనేదో వేరే లోకపు న్యాయం అడుగుతున్నానా? స్క్రూడ్రైవర్ జారి మదర్‌బోర్డు గీసుకుపోతే ఆ ఖర్చు నాది. పిన్ను వంచితే నాది. తప్పు నాదైతే నాదే, అందులో పేచీ లేదు. నా చేతివల్లే విరిగిందని చూపించమంటున్నాను, అంతే. అమెరికాలో 1975 నుంచీ మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా కంపెనీ విడిభాగమే వాడాలి, ఫలానా చోటే రిపేరు చేయించాలి అని వారంటీకి మెలిక పెట్టడం సాధారణంగా కుదరదని దాని సారం. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి మెలికల మీద ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. 2024 జులైలో మళ్లీ ఎనిమిదింటికి రాయాల్సి వచ్చింది. అందులో మూడు కంప్యూటర్ సామాన్ల కంపెనీలు, వాటితో గొడవ అచ్చంగా ఈ స్టిక్కర్ల గురించే. చట్టం పుట్టిన 49 ఏళ్లకి కూడా జిగురు ఆరలేదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక్కణ్ణించి నా వల్ల కాదు.

ఎందుకంటే స్టిక్కరు పాత కాలపు దొంగ. కనీసం స్క్రూ అంటూ ఒకటి ఉందని ఒప్పుకుంటుంది. ఇప్పటి పద్ధతి వేరు. ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసి అతికించేస్తున్నారు. స్లాటు లేదు, స్టిక్కు లేదు, కాబట్టి స్టిక్కరు అవసరం కూడా లేదు. కొన్న రోజున 8 జీబీ అంటే చచ్చేదాకా 8 జీబీ. ఎక్కువ కావాలంటే కొనే రోజే కంపెనీ చెప్పిన ధరకి కొనాలి. ఆ రోజు చేతిలో డబ్బు లేనివాడి సంగతి? కాలేజీలో చేరే పిల్లకి అప్పోసొప్పో చేసి చిన్నది కొనిచ్చి, రెండేళ్ల తర్వాత ఇంకో స్టిక్కు వేద్దామనుకున్న తండ్రి సంగతి? ఆ దారి మూసేశారు. ఒక్క మెమరీ చిప్పు పాడైతే మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటారు. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ప్రాసెసర్ బాగుంది, చోటు చాలడం లేదంతే, అయినా చెత్తలోకే! ఇదేం పద్ధతి? సిగ్గుండక్కర్లేదా?

అతికిస్తే కరెంటు తక్కువ తింటుంది, యంత్రం పలచగా వస్తుంది అంటారు. నిజమే, అబద్ధం కాదు. కానీ ఆ తక్కువ కరెంటు రకాన్నే స్క్రూలతో బిగించి, కావలసినప్పుడు విప్పుకునే వీలున్న క్యామ్2 అనే ప్రమాణాన్ని, మెమరీలకి కొలతలు నిర్ణయించే జెడెక్ సంస్థ 2023 డిసెంబర్‌లోనే ప్రచురించింది. దారి లేక మూశారనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. అక్కర్లేక మూశారు.

హింజ్ సంగతి చెప్పడం మరిచాను. చేతి డబ్బు పెట్టుకుని అక్కడే చేయించాను. వారం తర్వాత యంత్రం చేతికొచ్చింది. తెర నిటారుగా నిలబడింది. అలవాటుకొద్దీ బోర్లా తిప్పి చూశాను.

పదో స్క్రూ మీద స్టిక్కరు. కొత్తది, తళతళలాడుతోంది. వారంటీ లేదని రాసిచ్చిన చేత్తోనే అంటించి పంపారు. నేను కొనుక్కున్న ర్యామ్‌కి కాపలా కాస్తోంది.