సవరణ: సిరాజ్‌కి ఆ ఓవర్‌లో హ్యాట్రిక్ లేదు

2023 ఆసియా కప్ ఫైనల్లో శ్రీలంక మీద మహమ్మద్ సిరాజ్ వరుస బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. నాలుగూ ఒకే ఓవర్‌లో పడ్డాయి, కానీ వరుసగా కాదు.

బంతి బంతికీ ఉన్న స్కోరు వివరాల ప్రకారం ఇన్నింగ్స్ నాలుగో ఓవర్ ఇలా సాగింది: మొదటి బంతికి నిస్సంక అవుట్, రెండో బంతికి పరుగు లేదు, మూడో బంతికి సమరవిక్రమ, నాలుగో బంతికి అసలంక. వికెట్ పడితే హ్యాట్రిక్ (వరుస బంతుల్లో మూడు వికెట్లు) అయ్యే ఐదో బంతిని ధనంజయ డిసిల్వా ఫోర్ కొట్టాడు. బౌలింగ్ చేసిన సిరాజే ఆ బంతి వెనకాల బౌండరీ దాకా పరిగెత్తాడు! ఆ కసి చూడటానికైనా ఆ వీడియో చూడాలి. ఆఖరి బంతికి ధనంజయ కీపర్ రాహుల్‌కి దొరికిపోయాడు.

ఇంకొకటి. ఆ ఫైనల్లో సిరాజ్ 21 పరుగులిచ్చి తీసిన 6 వికెట్లు అతని బెస్ట్ అన్నది వన్డేల వరకే. దాన్ని అన్ని ఫార్మాట్లకూ అనుకున్నారు కొందరు. టెస్టుల్లో ఇంకా మెరుగైనది ఉంది: 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులకే 6 వికెట్లు. పాత పోస్టులో రెండూ సరిచేశాను.