శంఖానికి పది పాయింట్లు

ఇప్పుడే, రాత్రి పదిన్నరకి, మా వాడు గజేంద్ర మోక్షంలో క్లాస్ ఫస్ట్ వచ్చాడు. తొమ్మిదో తరగతి. పద్యం చదవరా అంటే రెండో పాదంలోనే ఆగిపోయాడు. అయినా ఫస్టే. ఫోన్‌లో రంగు కాగితాలు కూడా ఎగిరాయి.

ఈ ఏడు స్కూల్ వాళ్లు తెలుగుకి 'ఇంటరాక్టివ్ యాక్టివిటీ' మొదలుపెట్టారు. ఫీజు రసీదులో దానికో గడి విడిగా ఉంది, ఆ కథ ఇంకోసారి. ఇవాళ్టి హోంవర్క్ 'సిరికిం జెప్పడు' పద్యం మీద ఆట. వైకుంఠం నుంచి విష్ణువుని మడుగు దాకా పరిగెత్తించాలి. దారిలో శంఖం దొరికితే పది పాయింట్లు. చక్రానికి ఇరవై. గరుత్మంతుణ్ణి ఎక్కితే డబుల్.

గరుత్మంతుణ్ణి ఎక్కితే డబుల్ అట!

బాబూ, అవేవీ పట్టించుకోకుండా వచ్చాడనే కదా ఆ పద్యం! లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, చెదిరిన జుట్టైనా సర్దుకోలేదు. పోతన ఇన్ని 'లేదు'లు పేర్చి ఆ కంగారంతా చూపిస్తే, వీళ్లు స్వామి చేతికి సంచీ ఇచ్చి సామాన్లు ఏరుకురమ్మంటున్నారు.

"సిరి అంటే ఎవర్రా?" అని అడిగాను. "ఐఫోన్‌లో ఉంటుంది కదమ్మా" అన్నాడు. జోకేశాడో, నిజంగానే అన్నాడో నాకింకా తెలీదు.

ఇదే పద్యం మా ఊరి హైస్కూల్లో మాస్టారు చెప్పారు. లక్ష్మి చీరకొంగు వదలకుండానే పరిగెత్తాడు అనే చోటికి రాగానే బల్ల మీది గుడ్డ పట్టుకుని గుమ్మం దాకా ఉరికారు. డస్టరు, సుద్దముక్కల డబ్బా, హాజరు పట్టీ అన్నీ కిందపడ్డాయి. ఆయన వెనక్కి తిరగలేదు. మేం నవ్వుతూనే సుద్దముక్కలు ఏరాం. పద్యం మాత్రం ముప్పై ఏళ్లయినా పోలేదు. అంతకంటే ఇంటరాక్టివ్ ఏముంటుందండీ?

'మీకు టెక్నాలజీ పడదు' అని మొదలుపెట్టకండి, నా జీతం దాని మీదే. పద్యం రాగం తీసి పాడి రికార్డు చేసి పంపమంటే అదీ ఆన్‌లైనే కదా? అలా అడగరు. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని నలభై మంది పాటలూ వినాలి. ఆటలోని క్విజ్ అయితే దాని మార్కులు అదే వేసుకుంటుంది. ప్రశ్నకి 15 సెకన్లు! ఈ పద్యం ఛందస్సు మత్తేభం, పాదానికి 20 అక్షరాలు, పద్నాలుగో అక్షరం దగ్గర యతి. ఆ టైంలో మా వాడు యతి దాకా కూడా రాలేడు.

పద్యం చదవమని మళ్లీ అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఇంటర్‌లో ఎలాగూ సంస్కృతమే కదమ్మా, వదిలెయ్."

అక్కడ కాలింది నాకు. ఎందుకంటే నేనూ అదే బాపతు. పద్యాలంటే ప్రాణం పెట్టేదాన్ని. "తెలుగులో మార్కులు రావు, సంస్కృతం స్కోరింగ్" అని నాన్న, పెదనాన్న, కాలేజీ వాళ్లు కలిసి తీర్మానించారు. నన్ను అడిగినవాళ్లు లేరు. 97 వచ్చాయి. ఇప్పటికీ రామ శబ్దం మూడో వరుస దాటదు నాకు. ఆ 97 చూసి పెదనాన్న పంచిన స్వీట్లు మాత్రం బాగా గుర్తు.

పేరెంట్స్ గ్రూపులో లీడర్‌బోర్డు పెట్టారు, పైన మావాడి పేరు. అందరూ కంగ్రాట్స్ అంటున్నారు. దండం బొమ్మ ఒకటి పెట్టేసి, ఇటొచ్చి ఇదంతా రాస్తున్నాను.