గుమ్మం నుంచా, గోడ నుంచా?

గంజాయి షాపు స్కూలుకు 500 అడుగుల లోపు ఉండకూడదని న్యూయార్క్ రాష్ట్ర చట్టం. మంచి మాటే, ఎవరూ కాదనరు. 499 అడుగుల దగ్గర చెడిపోయే పిల్లవాడు 501 అడుగుల దగ్గర బుద్ధిగా హోమ్‌వర్కు చేసుకుంటాడని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. గీసినవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ గీత ఎక్కడుందో చూడటానికి టేపు పట్టుకుని బయల్దేరిన మహానుభావుల గురించే నా బాధంతా.

టేపుకు రెండు కొసలుంటాయి. ఒక కొస షాపు దగ్గర పెట్టాలి, అందులో అనుమానం లేదు. రెండో కొస స్కూలు దగ్గర ఎక్కడ పెట్టాలి? తలుపు దగ్గరా, స్థలం హద్దు దగ్గరా? ఇది జీవన్మరణ సమస్య అని 2025 జూలై దాకా ఎవరికీ తెలియదు. ఆ నెలలో రాష్ట్ర గంజాయి నియంత్రణ కార్యాలయం దాదాపు 150 మందికి ఒక కబురు పంపింది. దాని సారాంశం ఇది. అయ్యా, అమ్మా, ఇన్నాళ్ళూ మేము మీ షాపు గుమ్మం నుంచి స్కూలు గుమ్మం దాకా కొలిచాం. తీరా చట్టం తీసి చూస్తే స్కూలు స్థలం హద్దు నుంచి కొలవమని ఉంది. ఆ లెక్కన మీ షాపు ఉండకూడని చోట ఉంది. చాలా విచారిస్తున్నాం.

అందులో వంద మందికి పైగా అప్పటికే లైసెన్సు పొందినవాళ్ళు. వాళ్ళేమీ రాత్రికి రాత్రి స్కూలు పక్కన గుట్టుగా దుకాణం తెరవలేదు. చోటు చూపించారు, కాగితాలు పెట్టారు, ఆఫీసు కొలిచింది, సరేనంది, ముద్ర వేసింది. గంజాయి అమ్మకాన్ని అనుమతించిన ఆ చట్టం వచ్చింది 2021 మార్చి 31న. మొదటి లైసెన్సు షాపులో అమ్మకం మొదలైంది 2022 డిసెంబర్ 29న. చట్టంలో ఉన్న ఆ ఒక్క వాక్యం చదవడానికి ఆఫీసుకు నాలుగేళ్ళు దాటింది. చదువు అంటే అలా నింపాదిగా సాగాలి. తొందరపడితే అర్థం కాదు.

ఆఫీసువాళ్ళను పూర్తిగా తప్పు పట్టడం కూడా న్యాయం కాదేమో. గుమ్మం నుంచి గుమ్మానికి కొలిచే అలవాటు వాళ్ళకు మద్యం చట్టం నుంచి అంటి ఉండాలి. అదే రాష్ట్రంలో బారు పెట్టాలంటే స్కూలుకీ ప్రార్థనాస్థలానికీ 200 అడుగుల అవతల ఉండాలి. ఆ దూరాన్ని మాత్రం నిజంగానే గుమ్మం నుంచి గుమ్మానికి కొలుస్తారు, అదీ గుమ్మం మధ్య నుంచి గుమ్మం మధ్యకు. అయితే గుమ్మం అంటే ఏమిటి? మనలాంటి పామరులు మనుషులు వచ్చిపోయేది గుమ్మం అనుకుంటాం. చట్టం అంత తేలిగ్గా వదలదు. బయటివైపు పిడి, తాళంలాంటివేవీ లేని తలుపు గుమ్మం కాదు. నిప్పంటుకుంటే పారిపోవడానికి మాత్రమే పెట్టిన తలుపు గుమ్మం కాదు. మరమ్మతుల కోసం పెట్టింది అసలే కాదు. స్కూలు గనక రోడ్డుకు కాస్త లోపలగా ఉంటే, దాని మెట్లో నడకదారో వచ్చి రోడ్డును కలిసే చోటు గుమ్మం. అక్కడ తలుపు ఉండదు, చెక్క ఉండదు, గడప ఉండదు. ఉత్త గాలి. అయినా అదే గుమ్మం. తలుపున్నది గుమ్మం కాదు, గుమ్మమైన చోట తలుపు లేదు. వేదాంతం చదువుకున్నవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు. బారు పెట్టుకుందామని వచ్చినవాడికే కాస్త తల తిరుగుతుంది, ఇంకా గ్లాసు ముట్టకముందే.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. స్కూలూ బారూ ఒకే వీధిలో ఉంటేనే ఈ రూలు. మూల తిరిగితే చట్టం వెంట రాదు. పిల్లలు మూల తిరగరని నమ్మకం కాబోలు. ఇక 20 వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్ళలో 500 అడుగుల లోపు అప్పటికే మూడు బార్లుంటే, నాలుగోవాడు తన బారు ప్రజాప్రయోజనం కోసమేనని హియరింగులో నిరూపించుకోవాలి. మూడు బార్లున్న వీధికి నాలుగోది ఎందుకు కావాలో కోటూ టై వేసుకుని, లాయర్ను పక్కన పెట్టుకుని వివరించే ఆ పెద్దమనిషిని తలుచుకుంటేనే నాకు గౌరవం పుట్టుకొస్తుంది.

ఈ రాష్ట్రానికి కొలతల పిచ్చి ఇవాళ పట్టింది కాదు. 1896లో జాన్ రెయిన్స్ అనే సెనెటర్ గారి పేరుతో ఒక చట్టం వచ్చింది. ఆదివారం నాడు మద్యం అమ్మకూడదు. కూలీనాలీ జనానికి వారంలో సెలవున్నది ఆ ఒక్కరోజే, అయినా అమ్మకూడదు. హోటళ్ళకు మాత్రం మినహాయింపు: బస చేసిన అతిథికి భోజనంతో పాటు పోయవచ్చు. పెద్దమనుషులు హోటళ్ళలోనే తాగుతారు కదా, వాళ్ళ ఆదివారం చెడగొట్టడం ఎందుకు. మరి హోటల్ అంటే? కనీసం పది గదులుండాలి. భోజనం అంటే? అక్కడే చట్టం నోరు మూసుకుంది.

పది గదులే కదా అని సారా దుకాణాలవాళ్ళు పై అంతస్తుకు వెళ్ళి అడ్డంగా చెక్కలు కొట్టారు. పెళ్ళికి వేసిన తడకలాంటి గోడలు, మధ్యలో ఒక మంచం. లెక్కకు పది గదులు. కింద బోర్డు మారింది, దుకాణం కాస్తా హోటలైంది. మంచాలు ఊరికే పడి ఉంటే గిట్టుబాటు కాదు కాబట్టి వాటిని గంటల లెక్కన అద్దెకిచ్చారు. ఎవరికి, ఎందుకు అని అడక్కండి. ఆదివారాన్ని పవిత్రంగా ఉంచుదామని తెచ్చిన చట్టం నగరమంతా వ్యభిచార గృహాలు తెరిచి పెట్టింది. వాటిని మూయించడానికి 1905లో మళ్ళీ పౌరప్రముఖులంతా కూర్చుని ఒక కమిటీ వేసుకోవాల్సి వచ్చింది.

ఇక భోజనం సంగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం, అలాంటి ఒక హోటల్లో మీరు కూర్చున్నారనుకోండి. బీరు అడిగారు. వెయిటర్ బీరు తెచ్చాడు, పక్కనే పళ్ళెంలో ఒక శాండ్‌విచ్ పెట్టాడు. మీరు దాన్ని చూడవచ్చు. అది మిమ్మల్ని చూస్తుంది. అంతే, ముట్టుకోకూడదు. అది మీ భోజనం, కానీ మీరు తినడానికి కాదు. మీ బీరు అయిపోయాక వెయిటర్ ఆ పళ్ళేన్ని భక్తిగా ఎత్తి పక్క బల్ల మీద పెడతాడు. ఇప్పుడది ఆయన భోజనం. ఆయన తర్వాత ఇంకొకాయనది. పొద్దువాలే సరికి రొట్టె అట్టముక్కైపోతుంది, లోపలి మాంసం ఏ జంతువుదో దాని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అయినా డ్యూటీ ఆపదు. వచ్చే ఆదివారానికి మళ్ళీ హాజరు. ద్రౌపది అక్షయపాత్రలో కనీసం ఒక్క మెతుకైనా కృష్ణుడి నోట్లోకి వెళ్ళింది. ఇక్కడ అదీ లేదు. ఎవరూ తినకుండానే ఊరంతటికీ భోజనం పెట్టిన వంటకం లోకంలో ఇదొక్కటే.

కొందరు ఇంకాస్త ముందుకెళ్ళారు. రొట్టె ముక్కల మధ్య మాంసం దేనికి, దండగ, అని ఇటుక పెట్టారు. ఆ కాలపు పత్రికా రచయిత జేకబ్ రీస్ ఈ ఇటుక శాండ్‌విచ్ గురించి రాశాడు. ఆయనే చెప్పిన మరో ముచ్చట: ఒక దుకాణంలో ఎవడో ఆకలిగొన్న అమాయకుడు తన ముందున్న శాండ్‌విచ్‌ను నిజంగానే తినబోయాడు. గొడవైంది. పోలీసులు వచ్చారు. వచ్చి, శాండ్‌విచ్‌ను స్వాధీనం చేసుకుని తిరిగి దుకాణదారుకు అప్పగించారు. ఆ పోలీసును తక్కువ అంచనా వేయకండి. ఆ గదిలో చట్టాన్ని కాపాడినవాడు ఆయనొక్కడే. శాండ్‌విచ్ తినేస్తే తర్వాతి అతిథికి భోజనం ఏది? భోజనం లేకపోతే బీరు చట్టవిరుద్ధం. ఒక్క కొరుకుతో ఆ హోటలంతా నేరస్థులతో నిండిపోయేది.

పాత కథలే అనుకుంటున్నారా? 2020 జూలైలో కరోనా కాలంలో అదే రాష్ట్రంలో గవర్నర్ ఆండ్రూ క్యూమో ఒక ఆర్డరు వేశారు: ఆహారం ఆర్డరివ్వకుండా మందు పోయకూడదు. సరటోగా స్ప్రింగ్స్‌లో ఒక బారు వెంటనే మెనూలో ‘క్యూమో చిప్స్’ చేర్చింది, ధర ఒక డాలరు. మద్యం అధికారులు ఉలిక్కిపడ్డారు. చిప్స్ ప్యాకెట్టు, గుప్పెడు పల్లీలు, చాక్లెట్లు ఆహారం కిందకు రావని గైడ్‌లైన్స్ వెలువడ్డాయి. మరి ఏది వస్తుంది? ఆహారం అనదగ్గ వాటిలో అట్టడుగు మెట్టు శాండ్‌విచ్ అని స్వయంగా గవర్నర్ గారే తేల్చారు. 124 ఏళ్ళ తర్వాత శాండ్‌విచ్ మళ్ళీ ఉద్యోగంలో చేరింది, ఈసారి ఇటుక లేకుండా. చిప్స్ తినేవాడిని పట్టుకుని శాండ్‌విచ్ తినేవాడిని వదిలేసే ఆ వైరస్‌కు ఎంత క్రమశిక్షణో చూడండి.

బారువాళ్ళ సంగతి నవ్వుకుని వదిలేయవచ్చు. గంజాయి షాపులవాళ్ళ దగ్గరికి వస్తే నాకు నవ్వు రావడం లేదు.

ఆ లైసెన్సులు మొదట ఎవరికిచ్చారో తెలుసా? గంజాయి కేసుల్లో శిక్ష పడినవాళ్ళకు, లేదా వాళ్ళ కుటుంబ సభ్యులకు. ఉద్దేశం గొప్పదే. 2011లో ఒక్క న్యూయార్క్ నగరంలోనే కాస్త గంజాయి దగ్గరుందని దాదాపు 50 వేల అరెస్టులు జరిగాయి. పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్ళు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా, లైసెన్సుల్లో ముందు వరుస మీదేనంది రాష్ట్రం. ఒకటే షరతు: శిక్ష పడిన కాగితంతో పాటు, రెండేళ్ళు లాభాల్లో నడిచిన వ్యాపారంలో కనీసం 10 శాతం వాటా ఉన్నట్టు కూడా చూపించాలి. అంటే పోలీసు నీ బతుకు మీద మచ్చ వేసి ఉండాలి, నువ్వు దాన్ని తుడుచుకుని లాభాలు కూడా చూసి ఉండాలి. ఇద్దరు మనుషులు కలిస్తే గానీ ఒక అభ్యర్థి తయారవడు.

అయినా జనం దొరికారు. అప్పులు తెచ్చారు. అద్దెలు కట్టారు. 2023 ఆగస్టులో కోర్టు ఈ లైసెన్సుల పని ఆపేస్తే నెలల తరబడి మూసిన షట్టరుకు అద్దె కట్టారు. ఆ అద్దెను ఖర్చుగా చూపించి ఫెడరల్ పన్ను తగ్గించుకుందామంటే 1982 నాటి 280ఇ సెక్షన్ అడ్డం. గంజాయి అమ్మేవాడికి అలాంటి ఖర్చుల మినహాయింపు లేదు పొమ్మంటుంది అది. రాష్ట్రం దృష్టిలో లైసెన్సుదారు, దేశం దృష్టిలో మత్తుమందుల వ్యాపారి, పన్ను మాత్రం ఇద్దరికీ కట్టాలి. ఇవన్నీ దాటుకుని షట్టరు ఎత్తాక 2025లో వచ్చి, మా టేపు తప్పుగా పట్టుకున్నాం, మీ షాపు తప్పు చోట ఉంది అంటారా?

టేపు పట్టుకుంది ఎవరు? కొలిచింది ఎవరు? సరే అని సంతకం పెట్టింది ఎవరు? షాపువాడు చిన్న కాగితం మర్చిపోతే జరిమానా, నోటీసు, లైసెన్సు రద్దు. ఆఫీసు చట్టాన్నే నాలుగేళ్ళు మర్చిపోతే ఒక క్షమాపణ లేఖ. ఒకప్పుడు ఇదే రాష్ట్రం ఈ మనిషినే చేతులు వెనక్కి విరిచి కట్టి తీసుకెళ్ళింది. అప్పుడు కొలతల్లో పొరపాటు జరిగిందని ఎవరూ లేఖ రాయలేదు. సిగ్గనేది ఒకటుంటుంది. దాన్ని ఏ కొస నుంచి కొలిచినా ఇక్కడ సున్నాయే వస్తుంది.

మరో సంగతి. చట్టం వచ్చి, లైసెన్సులు నత్తనడక నడుస్తున్న ఆ రెండు మూడేళ్ళలో న్యూయార్క్ నగరంలో లైసెన్సు లేని గంజాయి షాపులు వెయ్యికి పైగా వెలిశాయి. స్కూళ్ళ పక్కనే వెలిసినవీ ఉన్నాయి. రంగురంగుల లైట్లు, పిల్లల మిఠాయిల్లాంటి ప్యాకెట్లు. వాటికి 500 అడుగులు లేవు, 200 అడుగులు లేవు, గుమ్మమూ లేదు హద్దూ లేదు. 2024లో అక్కడికక్కడే తాళం వేసే అధికారం చేతికొచ్చేదాకా అవి హాయిగా నడిచాయి. ఎందుకంటే వాళ్ళు దరఖాస్తు పెట్టలేదు. దరఖాస్తు లేనిదే ఫైలు లేదు, ఫైలు లేనిదే టేపు రాదు. బుద్ధిగా ఫీజు కట్టి, నా షాపును కొలవండి మహాప్రభో అని వచ్చినవాడే దొరికాడు.

పరిష్కారం లేదని కాదు. చట్టాన్నే సవరించమని శాసనసభను అడుగుతామని ఆఫీసు చెప్పింది. ఆ ఏడాది సమావేశాలు జూన్‌లోనే ముగిశాయి, మళ్ళీ జనవరిలో. అప్పటిదాకా రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకుని, అది పెండింగులో ఉన్నంతకాలం షాపు నడుపుకోవచ్చన్నారు. పెండింగు అనే స్థితిలో మనిషి ఎంతకాలమైనా బతకగలడని ఆఫీసులకు మొదటి నుంచీ నమ్మకం. ఇంకా షాపు తెరవని దరఖాస్తుదారులకు కొత్త చోటు వెతుక్కోవడానికి 2.5 లక్షల డాలర్ల దాకా సాయం ప్రకటించారు. తెరిచినవాళ్ళ మాటేమిటంటారా? తెరిచారు కదండీ, ఇంకేం కావాలి.

గంజాయి ఆఫీసు ఉన్నది రాష్ట్ర రాజధాని ఆల్బనీలో. చట్టం రాసిన శాసనసభ ఉన్నదీ ఆల్బనీలోనే. ఈ నాలుగేళ్ళలో ఎవరైనా ఒక్క పూట ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి, “ఏమండీ, రెండో కొస ఎక్కడ పెట్టమంటారు?” అని అడిగి ఉంటే సరిపోయేది. ఎంత దూరమైందో కావాలంటే గుమ్మం నుంచి గుమ్మానికే కొలుచుకోనిచ్చేవాళ్ళం.