జపాన్‌లో కుక్కలు ఎందుకు తగ్గుతున్నాయి?

'జపాన్‌లో పిల్లల కంటే పెంపుడు జంతువులే ఎక్కువ' అన్న మెసేజ్ మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. లెక్క తప్పేం కాదు. 2023లో అక్కడ 15 ఏళ్లలోపు పిల్లలు సుమారు కోటీ 43 లక్షల మంది. పెట్‌ఫుడ్ పరిశ్రమ సంఘం సర్వే ప్రకారం అదే ఏడాది కుక్కలు 68 లక్షలు, పిల్లులు 90 లక్షల పైమాటే. పేచీ అల్లా దాని కింద తగిలించే వ్యాఖ్యానంతోనే. పిల్లల్ని కనడం మానేసి కుక్కల్ని సాకుతున్నారట!

అదే నిజమైతే పిల్లలు తగ్గేకొద్దీ కుక్కలు పెరగాలి కదా? 2008లో కోటీ 31 లక్షలున్న కుక్కలు పదిహేనేళ్లలో దాదాపు సగమయ్యాయి. పిల్లల్ని కనడానికి అడ్డొచ్చేవే కుక్కకీ అడ్డొస్తున్నాయి. ఇరుకు ఇల్లు, పొద్దుపోయేదాకా ఆఫీసు, ఖర్చు, మీదపడే వయసు.

ఇంటి సంగతే చూడండి. అద్దె ప్రకటనల్లో తరచూ కనిపించే మాట 'పెట్టో ఫుకా', అంటే పెంపుడు జంతువులు కుదరవని. ఒప్పుకున్న చోట డిపాజిట్ ఎక్కువ అడుగుతారు. చాలా అపార్ట్‌మెంట్లలో లిఫ్టు దగ్గరా, వరండాలోనూ కుక్కను నడిపించకూడదు. ఎత్తుకోవాలి, లేదా బండిలో కూర్చోబెట్టాలి. మనవాళ్లు నవ్వుకుంటూ షేర్ చేసే 'స్ట్రోలర్‌లో పూడిల్' ఫొటో వెనక ముద్దుతో పాటు ఈ రూలు కూడా ఉంది. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో అయితే కుక్క పెట్టెలోనే ఉండాలి, పెట్టెతో కలిపి బరువు 10 కిలోలు దాటకూడదు. టాయ్ పూడిల్, చివావా లాంటి బుల్లి జాతులకు అంత గిరాకీ ఊరికే రాలేదు. చనిపోయిన యజమాని కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూసిన హచికో అనే కుక్క పెద్ద సైజు అకితా జాతిది. టోక్యోలోని షిబుయా స్టేషన్ ముందు కంచు విగ్రహమై కూర్చుంది. గైడ్ డాగ్ లాంటి సహాయక కుక్క అయితే తప్ప, ఆ సైజు కుక్క ఇవాళ అదే స్టేషన్‌లో రైలెక్కలేదు.

పొద్దున్నే కుక్కతో నడకకు బయల్దేరేవాళ్ల చేతిలో సంచీతో పాటు నీళ్ల సీసా ఉంటుంది. కుక్క స్తంభం దగ్గర కాలెత్తగానే ఆ చోట నీళ్లు పోసి కడుగుతారు. పక్కవాళ్లకు ఇబ్బంది కలుగుతుందేమోనన్న టెన్షన్ అక్కడ అంతటిది. పిల్లికి ఈ బాధలేవీ లేవు. మొరగదు, నడకకు తీసుకెళ్లమనదు. 2017 సర్వేలో పిల్లుల సంఖ్య కుక్కల్ని దాటేసింది.

ఇంకా చిన్న ఇంటికి ఇంకా చిన్న జీవి. ఎండాకాలం వస్తే పిల్లలు 'కబుతోముషి'ని ప్లాస్టిక్ డబ్బాలో పెంచుతారు. అది కొమ్మున్న పెద్ద పేడపురుగులా ఉంటుంది. దానికి తిండి చిన్న కప్పులో జెల్లీ. మన కోనసీమలో కొబ్బరి మొవ్వులోంచి ఇనప కొక్కెంతో లాగి చంపే కొమ్ము పురుగుకు ఇది దగ్గరి చుట్టమే.

ఇప్పుడు అసలు చిక్కు ముసలివాళ్లది. తోడు వాళ్లకే ఎక్కువ అవసరం, కానీ కుక్కపిల్ల పదిహేనేళ్లు బతుకుతుంది. వదిలేసిన జంతువుల్ని దత్తతకిచ్చే సంస్థలు చాలావరకు అరవై దాటినవాళ్లకు ఇవ్వడానికి వెనకాడతాయి. ఇచ్చినా, మీ తర్వాత చూసుకునేదెవరో చెప్పి హామీ ఇప్పించమంటాయి. ఆ హామీ ఇవ్వాల్సిన కొడుకేమో ఎక్కడో టోక్యోలో, 'పెట్టో ఫుకా' అద్దింట్లో ఉంటాడు.