షుగరు శిబిరం తరువాతి పదకొండు నెలలు

మన సంఘం ఏటా ఒడిశాలోని బరంపురం శివార్లలోనూ, గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకారుల పేటల్లోనూ జరిపే ఉచిత షుగరు శిబిరానికి విదేశాల నుంచి చందా పంపేవారిలో నేనూ ఒకణ్ణి. చందా ఆపమని చెప్పడం నా ఉద్దేశం కాదు గానీ, అది ఖర్చవుతున్న తీరు మారాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక్క పూటలో వందలమంది వేలికొసన సూది గుచ్చి, అంకె చెప్పి, చీటీ రాసి పంపితే షుగరు ఎవరికుందో తెలుస్తుంది. వారిలో గుండెపోటు ముప్పు ఎవరికెక్కువో తెలియదు. తెలిసినా, ఆ ముప్పును తగ్గించే పని మర్నాటి నుంచి చేపట్టేవారు లేరు.

మధుమేహం ఉన్నవారికి గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం లేనివారికంటే దాదాపు రెండింతలు. రక్తంలో చక్కెరతో పాటు రక్తపోటు, కొలెస్టరాల్, పొగాకు, దెబ్బతిన్న మూత్రపిండాలు ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. 1998లో వెలువడిన బ్రిటన్ మధుమేహ అధ్యయన ఫలితాల ప్రకారం, బీపీని గట్టిగా అదుపులో పెట్టిన రోగుల్లో, అంతగా పెట్టనివారితో పోలిస్తే, పక్షవాతం 44 శాతం, మధుమేహ సంబంధమైన మరణాలు 32 శాతం తగ్గాయి. అందుకు వాడిన ప్రధానమైన మందులు కాప్టోప్రిల్, అటెనోలాల్. రెండూ పాతవే, ఖరీదైనవి కావు. అయినా మన శిబిరంలో గ్లూకోమీటర్ దగ్గర ఉన్నంత బారు బీపీ మిషను దగ్గర ఉండదు.

షుగరు డబ్బున్నవారి జబ్బు అనే మాట మనలో ఇంకా వినిపిస్తూనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన సర్వేలో, సంపన్న రాష్ట్రాల పట్టణాల్లో పేదవర్గాలవారికే మధుమేహం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. గుండె విషయంలో అసమానత మరింత కరుకుగా కనిపిస్తుంది. మన దేశంతో సహా 20 దేశాల్లో లక్షన్నర మందికి పైగా, షుగరు ఉన్నవారినీ లేనివారినీ కలిపి, ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పేదదేశాల్లో చదువు తక్కువగా ఉన్నవారికి ముప్పు కారకాలు తక్కువే ఉన్నా గుండెపోట్లు, మరణాలు ఎక్కువగా ఉన్నాయి. కారణాల్లో ముఖ్యమైనది వారికి అందిన వైద్యం నాసిరకంగా ఉండటమే. స్కాట్లాండ్‌లో 2007లో రూపొందిన అసైన్ అనే గుండెజబ్బు అంచనా పద్ధతి, రోగి ఉండే ప్రాంతపు పేదరికాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో తెచ్చిన ప్రివెంట్ పద్ధతిలో కావాలనుకుంటే రోగి ఉండే ప్రాంతాన్ని తెలిపే జిప్ కోడ్‌ను (మన పిన్‌కోడ్ లాంటిది) కూడా చేర్చి చూడవచ్చు. అమెరికాలో ఉన్న మన సభ్యులు తమ డాక్టరునే ఈ సంగతి అడిగి చూడవచ్చు.

పోయిన శిబిరంలో ఎండుచేపలమ్మే ఒక పెద్దామె నాకు ఎదురైంది. అంతకుముందటి ఏడాది ఇచ్చిన చీటీని ప్లాస్టిక్ కవరులో మడిచి కొంగున ముడివేసుకుని తెచ్చింది. మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అని అడిగితే, "తిన్నరోజే బిళ్ళేసుకుంటాను బాబూ, తినకుండా వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతాను" అంది. ఆమెకు రాసింది గ్లిమిపిరైడ్. ఆ మాత్ర వేసుకుని అన్నం తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి ఆమె చేసింది తెలివైన పనే. తెల్లవారకముందే రేవుకు వెళ్ళి, సరుకు అమ్ముడయ్యాక గానీ అన్నం ముందు కూర్చోని మనిషికి "ఉదయం టిఫిన్‌కు ముందు ఒకటి" అని రాసివ్వడం ఏం వైద్యమో నాకు అర్థం కాదు. అక్కడి ఆడవాళ్ళలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని కాల్చే అలవాటు, ఇప్పటికీ ఉంది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని అందరూ హెచ్చరిస్తారు గానీ, షుగరు ఉన్న మనిషి గుండెకు అదెంత చేటో చెప్పేవారు అరుదు. పైగా మధుమేహం వల్ల నరాలు మొద్దుబారినవారికి గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు.

సర్కారు ఏమీ చేయడం లేదని అనలేము. ఒడిశా ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నిరామయ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. ఆయుష్మాన్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే తప్ప నెలనెలా మింగే మాత్రలకు పనికిరాదు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం చేరితే ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది గానీ అది ఆంధ్రప్రదేశ్ వాసులకే. ఉచితమైన మందు కోసం బస్సు ఎక్కి, వరుసలో నిలబడి, ఒక రోజు కూలి పోగొట్టుకోవాల్సి వస్తే అది ఉచితం ఎలా అవుతుంది? ఒడియా చదవలేని మన పెద్దవాళ్ళకు చీటీ మీద రాసింది మరొకరు చదివి చెప్పాలి.

కాబట్టి సంఘానికి నా ప్రతిపాదన ఇది. పది ఊళ్ళలో పది శిబిరాలు పెట్టే బదులు ముందు ఒక మత్స్యకారుల పేటనూ, బరంపురంలో ఒక పట్టు నేతగాళ్ళ వీధినీ ఎంచుకుందాం. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన ఒక నర్సుకు ఏడాది పొడవునా జీతమిచ్చి, షుగరు ఉన్న ప్రతి ఇంటికీ నెలకొకసారి, పని ముగిసే సాయంత్రం వేళ పంపుదాం. ఆమె బీపీ చూడాలి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టాలి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అవసరమైనవారిని డాక్టరు దగ్గరకు చేర్చాలి, నిరామయ మందులను పేటకే తెచ్చే ఏర్పాటు ఆసుపత్రివారితో మాట్లాడి చూడాలి. ఇది ప్రభుత్వం చేయవలసిన పని అనే అభ్యంతరం సబబే, కానీ శిబిరం పెట్టేటప్పుడు ఆ అభ్యంతరం మనకు రాలేదు. ఇందులో ముఖ్య అతిథి ఉండడు, పత్రికలో వేసుకోవడానికి ఫొటో దొరకదు, ఫలితం కనిపించడానికి ఏళ్ళు పడుతుంది; సర్వసభ్య సమావేశంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుందని నాకు తెలుసు. నర్సు మొదటి నెలల జీతానికి శిబిరం రోజున ఫ్లెక్సీలకు, శాలువాలకు, వేదికకు పెట్టే ఖర్చును ఈ ఏడాదే మళ్ళించవచ్చు.