భారతానికి అర్ధరాత్రి తెర దించమంటే ఎలా?

ఎండలు ముదిరితే చాలు, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లకు నిద్ర కరువు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నిండుగా చేస్తే 18 రోజుల భారతం. ఏప్రిల్‌లో ఒక ఊళ్లో జెండా ఎక్కితే ఆగస్టు దాకా ఎక్కడో ఒకచోట అర్జునుడు తపస్సు చేస్తూనే ఉంటాడు. సరిహద్దు దాటితే తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ఇదే కథ తెరుక్కూత్తుగా, అంటే తమిళ వీధినాటకంగా నడుస్తుంది. గ్రీకు విషాద నాటకాలు చూడటానికి గ్రీసులోని ఎపిడారస్ ప్రాచీన రంగస్థలం దాకా వెళ్లొచ్చి ఫొటోలు పెట్టేవాళ్లున్నారు మనలో. వెళ్లాల్సిందే, తప్పేం లేదు. పలమనేరు, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఆరుబయట సాగే ఈ నాటకోత్సవానికి మాత్రం హైదరాబాద్ నుంచి ఒక్క బస్సు నిండదు.

ఏటా నడిచే పంచాయితీ తెలిసిందే. పది దాటగానే మైకు ఆపమని పోలీసులు, ఆట మధ్యలో ఆపితే అమ్మవారికి అపచారమని కమిటీ పెద్దలు. చివరికి ఎవరో ఒక నాయకుడి ఫోనుతో ఆ రాత్రికి గట్టెక్కుతారు. ఇలా ఫోన్ల మీద బతకాల్సిన ఖర్మ ఈ కళకు పట్టకూడదు. ఇక్కడ మారాల్సింది నాటకం కాదు, నిబంధన.

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2010 సవరణతో సంగీత వాద్యాలూ ఇదే పద్దులోకి వచ్చాయి. అంటే మైకు పీకేసి ఒట్టి హార్మోనియం, మద్దెలతో ఆడినా అక్షరాలా చూస్తే తప్పే. సాంస్కృతిక, మతపరమైన సందర్భాల్లో రాష్ట్ర ప్రభుత్వం 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా, ఏయే రోజులో ముందే ప్రకటించి. 2005లో సుప్రీంకోర్టు ఈ సడలింపును సమర్థించింది. రాష్ట్రమంతటికీ ఒకే తేదీన వచ్చే పండగకు ఈ ఏర్పాటు సరిపోతుంది. ఊరూరికీ వేరే ముహూర్తం పెట్టుకునే భారతానికి ఎలా సరిపోతుంది? ఒక ఊరి వస్త్రాపహరణం మే నెలలో, పక్క ఊరిది జూన్‌లో. ఏ 15 రోజులు ప్రకటించినా ఒకరికి అందితే నలుగురికి అందవు.

పన్నెండు గంటల గడువు ఇంకా దారుణం. వీధినాటకం నడక తెలిసినవాళ్లెవరూ ఆ అంకె వేయరు. రాత్రి పదికి మేళం కడతారు. ప్రార్థన అయ్యాక బఫూన్ వచ్చి ఊళ్లో పెద్దమనుషులను ఓ పట్టు పడతాడు. ఆ తర్వాత తెర ప్రవేశాలు. ఇద్దరు చెరో కొస పట్టుకున్న గుడ్డ తెర వెనక నుంచి ముందు కిరీటం కనిపిస్తుంది. వేషధారి తనెవరో తెర వెనకే పాడి, గజ్జె మోగించి, అప్పుడు బయటికొస్తాడు. ముఖ్య పాత్ర ఒక్కొక్కరికీ పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. దుర్యోధనుడు, శకుని, దుశ్శాసనుడు, ధర్మరాజు వచ్చి నిలబడేసరికే అర్ధరాత్రి దాటుతుంది. పన్నెండింటికి ఆపేస్తే ధర్మరాజు పాచికలు ముట్టుకోకుండానే ఇంటికి పోవాలి.

జూదం సాగేకొద్దీ జనం కుదురుకుంటారు. దుశ్శాసనుడు చీర కొంగు పట్టుకునేది మూడు, నాలుగు గంటలకు. చాలా చోట్ల అంతకుముందు ద్రౌపది వేషధారికి కర్పూర హారతి ఇస్తారు. చీరలను ఒకదాని కొంగుకు ఇంకోదాని అంచు ముడేసి, వరస తప్పకుండా మడిచి నడుముకు చుట్టి ఉంచుతారు. ముడి పెద్దదైతే మడతలో చిక్కుకుంటుంది, చిన్నదైతే లాగుడుకు ఊడిపోతుంది. రెండూ ప్రమాదమే. అందుకే లాగేవాడు బలంగా లాగినట్టు నటిస్తాడు గానీ గుడ్డను వదులుగానే అందుకుంటాడు. చీర విప్పుకుంటూ తిరిగే పని ద్రౌపది వేషధారిదే. దగ్గరగా కూర్చుంటే ఈ పనితనమంతా కనిపిస్తుంది. అయినా ఆ క్షణాన ఆడవాళ్లు చేతులు జోడించడం ఆగదు.

ఆ రాత్రి విప్పిన జుట్టు ముడిపడేది ఆఖరి రోజు పొద్దున. 18 రోజుల కట్టుబాటులోని కిటుకంతా ఇక్కడే ఉంది. ఆడిటోరియంలో గంటన్నరకు కుదించిన ‘వీధినాటక ప్రదర్శన’లో ద్రౌపది శపథం చేసిన అరగంటకే జడ వేసుకుంటుంది. ఊళ్లో అలా కుదరదు. మధ్యలో కీచకుడు చావాలి, రాయబారం చెడాలి, అభిమన్యుడు పోవాలి, కర్ణుడు పోవాలి. అన్ని రాత్రులు నిద్ర మేలుకున్న జనం ఎదురుగా, మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడుతుంది. లోపల పెట్టిన ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది అవి జుట్టుకు రాసుకుని ముడి వేస్తుంది. ఈ ఫలితం రావాలంటే కాలం ఖర్చు పెట్టాలి. ఎడిటింగ్‌తో రాదు.

చూడాలనుకునేవాళ్లకు మూడు పూటలే వీలైతే వస్త్రాపహరణం రాత్రి, అర్జున తపస్సు, చివరి రోజు దుర్యోధన వధ ఎంచుకోండి. గుడి గోడకు అతికించిన కరపత్రంలో ఏ రోజు ఏ ఘట్టమో, ఆ రోజు ఖర్చు భరించే ఉభయదారులెవరో ఉంటుంది. ఆన్‌లైన్‌లో వెతికేకన్నా కమిటీవాళ్లకు ఫోన్ చేయడం మేలు. వానొస్తే ఘట్టం మరుసటి రోజుకు వాయిదా పడుతుంది. తపస్సు కొన్ని ఊళ్లలో మధ్యాహ్నం, కొన్ని ఊళ్లలో తెల్లవారుజామున. అది ముందే అడగాలి. అర్జునుడు ఎక్కే పొడవాటి స్తంభం, తపసు మాను కింద తడిబట్టలతో సాగిలపడేది పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయలు వాళ్లవి. కెమెరా పట్టుకుని వాళ్ల మధ్యకు దూరకూడదు, కాయ మీ ఒళ్లో పడితే పక్కామె చేతిలో పెట్టేయాలి. ఆఖరి రోజు సూర్యోదయానికే వెళ్లి మట్టి బొమ్మ తొడ వైపు చోటు చూసుకోండి. తల వైపు నిలబడితే కిరీటమే అడ్డం. రాత్రి ఆటకైతే చాప, దుప్పటి తప్పనిసరి. మేలో కూడా నాలుగింటికి చల్లబడుతుంది. కూర్చునేది వంతపాట వాళ్లకు పక్కగా, ఆట స్థలానికి 10, 15 అడుగుల్లో. సౌండ్ బాక్సు ముందు కూర్చుంటే రెండు గంటల్లో తలనొప్పి ఖాయం.

బాక్సుల మాట వచ్చింది కాబట్టి అవతలివాళ్ల వాదన కూడా వినాలి. పరీక్షలకు చదివే పిల్లలు, గుండె జబ్బు మనుషులు, తెల్లారి పనికి పోవాల్సినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకూ నిద్ర హక్కే. ఈ మాట కాదనలేం. కరెంటు స్తంభాలకు హారన్లు కట్టి మూడు వీధుల అవతలికి శకుని నవ్వు వినిపించడం కళాసేవ కాదు. దానికి తోడు పద్యం మధ్యలో ఆపి, ఫలానావారు 500 రూపాయలు చదివించారంటూ మైకులో కేకలు. అసలు చికాకు ఈ చదివింపులతోనే.

అయితే ఈ బాధ తెచ్చింది మైకు. వీధినాటకం మైకు లేని రోజుల్లో పుట్టింది, దాని కట్టుబాటంతా ఒట్టి గొంతు కోసమే. మూడు వైపులా జనం, నాలుగో వైపు అమ్మవారి గుడి. పాత్రధారి పాడి వదిలిన చరణాన్ని వెనక వంతపాట వాళ్లు అందుకునేలోపు అతను ఊపిరి తీసుకుంటాడు, ఒక చుట్టు తిరిగి ఇంకో వైపు జనానికి పాడతాడు. స్టాండు మైకు వచ్చాక ఆ తిరుగుడు పోయింది. ప్రతి మాటకూ మైకు దగ్గరికి రావాలి కాబట్టి అడుగులు కుదించుకుపోయాయి, పక్కవైపు కూర్చున్నవాళ్లకు వేషధారి వీపే దక్కుతోంది. మైకు తగ్గిస్తే ఇరుగుపొరుగుకు నిద్ర, నాటకానికి నడక, రెండూ తిరిగొస్తాయి.

ఇది ఊహ కాదు, లెక్క. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గొంతు, హార్మోనియం, మద్దెల కలిపి 2 మీటర్ల దగ్గర 85 డెసిబెల్స్ అనుకుందాం. 64 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి అది 55. నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ పరిమితి మీద 10 దాకా, లేదంటే 75 దాకా, ఏది తక్కువైతే అంత అని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే 55. మైకు లేని నాటకం ఆ కొలతలో పడుతుంది. కాబట్టి అడగాల్సింది మినహాయింపు కాదు. గడియారంతో కాకుండా, మీ దగ్గరున్న డెసిబెల్ కొలతతోనే మమ్మల్ని కొలవండి అనాలి. సరిహద్దులో 55 దాటని ఆరుబయట నాటకానికి తెల్లవార్లూ అనుమతి. దాటితే ఆపేయండి, అభ్యంతరం లేదు.

ఇంతకీ ఈ నిబంధనలో అసలు వివక్ష వేరే చోట ఉంది. నాలుగు గోడల మధ్యకు ఈ నిషేధం వర్తించదు. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ హాలు, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు, వీటన్నిటికీ మినహాయింపు. ఫంక్షన్ హాలు అద్దె కట్టగలిగినవాడి సంగీత్ ఒంటిగంట దాకా సాగొచ్చు. మామిడి తోపు పక్కన నేల మీద కూర్చున్నవాడి భారతానికి పోలీసు ఈల. రాత్రి మేలుకునే హక్కు కూడా ఏసీ ఉన్నవాడికే రాసిచ్చేశాం. మన సాంస్కృతిక విధానమంతా ఇదే వరస: అవార్డు పెట్టినా, పోటీ పెట్టినా, శిక్షణ శిబిరం పెట్టినా ముందు హాలు బుక్ చేస్తారు. ఆరుబయట పుట్టిన కళను హాల్లోకి లాక్కొచ్చి, గంటన్నరకు నరికి, శాలువా కప్పి, ఆదరించామని చెప్పుకుంటారు. ఆ శాలువా ఖర్చులో సగం పెట్టి ప్రతి మండలానికీ ఒక శబ్దమాపక యంత్రం కొనిస్తే ఈ పంచాయితీ సగం తీరుతుంది.

ప్రభుత్వం కదిలేలోపు కమిటీలు చేయగలిగినవి ఉన్నాయి. స్తంభాల మీది హారన్లు దించేయాలి. మైకు వాడక తప్పని హరికథకు రెండు చిన్న బాక్సులు, జనం వైపు తిప్పి, మనిషి ఎత్తుకు మించకుండా పెడితే సరిపోతుంది. చదివింపుల జాబితా ఒక బోర్డు మీద రాయించి గుడి ముందు నిలబెట్టాలి. పదింటికి మైకుసెట్టు వాణ్ని భోజనానికి పంపేసి, జనాన్ని దగ్గరికి జరిగి కూర్చోమనాలి.