ఆక్సోలాటల్ గుడ్డిది కాదండీ బాబూ

ఈ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. తెల్లటి ఒళ్ళు, గులాబీ రంగు మొప్పలు, నవ్వుతున్నట్టుండే మూతి ఉన్న ఆక్సోలాటల్ (మెక్సికో నీళ్ళలో బతికే సాలమాండర్, అంటే బల్లిలా తోక ఉండే, కప్పల వర్గపు జీవి) ఫొటో, దాని కింద ఐదారు లైన్లు: "మీకు తెలుసా? ఈ జీవి పుట్టుగుడ్డిది. కళ్ళు ఉత్త చుక్కలు, అలంకారానికే. చెవులు కూడా లేవు. వాసన ఒక్కటే దాని లోకం. అందుకే ఎంత లైటు వేసినా దానికి తేడా తెలీదు. కన్ను పోయినా ఫర్వాలేదు, మళ్ళీ మొలుస్తుంది." చదివినవాళ్ళంతా అయ్యో పాపం అని ఒక హార్టు కొట్టి పక్కవాళ్ళకి పంపేస్తున్నారు. నాకే నాలుగు సార్లు వచ్చింది. ముద్దుగా ఉంది కదా అని వదిలేద్దామనుకున్నా, కానీ "లైటుతో తేడా లేదు" అన్న మాట నమ్మి ట్యాంకు మీద బల్బు బిగించేవాళ్ళు నిజంగానే ఉన్నారు, కాబట్టి ఒక్కో మాటా తీసి చూద్దాం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆక్సోలాటల్ చూపు గొప్పదేం కాదు. కళ్ళు చిన్నవి, తలకి చెరో పక్కన ఉంటాయి, రెప్పలు లేవు. ఎక్కువగా చీకటి పడ్డాక తిరిగే జీవి, తిండి వెతకడంలో కంటికన్నా ముక్కు, ఒంటి మీది ఇతర జ్ఞానాంగాలు ఎక్కువ పని చేస్తాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. కానీ చూపు మీద ఆధారపడకపోవడం వేరు, చూపే లేకపోవడం వేరు. కళ్ళజోడు తీసేస్తే నేనూ వీధి చివరి బోర్డు చదవలేను, అంతమాత్రాన నన్ను గుడ్డివాడు అనరు కదా.

"కళ్ళు ఉత్త చుక్కలు"

ఆ చుక్కల్లో లెన్స్ ఉంది, రెటీనా ఉంది, రెటీనాలో మనం బళ్ళో చదువుకున్న దండాలు, కోనులు రెండూ ఉన్నాయి, అక్కడినుంచి మెదడుకి దృష్టి నాడి ఉంది. అంటే మొత్తం వైరింగు ఉంది. పైగా మనకి లేనిది ఒకటి ఉంది. అతినీలలోహిత కాంతిని పట్టే ఏర్పాటు ఆక్సోలాటల్ రెటీనాలో ఉందని 1995లోనే తేల్చారు. మన కంటికి ఆ కాంతి కనపడదు. దీని దగ్గరి బంధువు టైగర్ సాలమాండర్ సంగతి ఇంకా తమాషా. దాని రెటీనా కణాలు బాగా పెద్దవి, సన్నటి ఎలక్ట్రోడు దించడానికి వీలుగా ఉంటాయి, అందుకని వెన్నెముక ఉన్న జంతువుల రెటీనా ఎలా పని చేస్తుందో నేర్చుకోవడానికి దశాబ్దాలుగా ఆ జంతువునే వాడుకున్నారు. చూపు గురించి మనకి పాఠం చెప్పిన కుటుంబాన్ని పట్టుకుని గుడ్డిది అనడం కొంచెం అన్యాయమే.

అసలు కళ్ళు లేని ఆక్సోలాటళ్ళు కూడా ఉన్నాయి, ఆ విషయం పోస్టు రాసినాయనకి తెలిసినట్టు లేదు. ల్యాబులో పెంచే వాటిలో ఒక జన్యు మార్పు బయటపడిందని 1969లో ప్రకటించారు. ఆ జన్యువు తల్లినుంచీ తండ్రినుంచీ కూడా వస్తే పిల్లకి కళ్ళే ఏర్పడవు. దానికి "ఐలెస్" అని పేరు పెట్టారు, అంటే కళ్ళు లేనిదనే. అవి మామూలు వాటికన్నా ముదురు రంగులో ఉంటాయి, పెద్దయ్యాక సంతానం కలగదు, కానీ తిని పెరుగుతాయి. పిండంగా ఉన్నప్పుడే వీటికి మామూలు ఆక్సోలాటల్ కంటిని అతికించి, దృష్టి నాడి పోగులు మెదడులోకి దారి ఎలా వెతుక్కుంటాయో గమనించారు. జాతి మొత్తం పుట్టుగుడ్డిదే అయితే వీటికి విడిగా ఒక పేరెందుకు, వీటి కోసం విడిగా ఇన్ని ప్రయోగాలెందుకు?

ఫొటో గురించి కూడా ఒక మాట. తెల్లది కాబట్టి ఆల్బినో (ఒంట్లో నల్లరంగే తయారవని రకం), ఆల్బినో కాబట్టి చూపు లేదు అని కామెంట్లలో ఒకరు తీర్మానించేశారు. ఆ ఫొటోలో కళ్ళు నల్లగా ఉన్నాయండీ, అది ఆల్బినో కాదు, లూసిస్టిక్. చర్మానికి రంగునిచ్చే కణాలు పిండంలో ఒకచోట పుట్టి ఒళ్ళంతా పాకాలి. ఈ రకంలో అవి సరిగ్గా పాకవు, అందుకని ఒళ్ళు తెల్లబడుతుంది. రెటీనా వెనక ఉండే నల్లటి పొర మాత్రం కంటిగిన్నె (పిండంలో కన్నుగా మారే భాగం) నుంచే నేరుగా తయారవుతుంది, దానికి ఎక్కడినుంచో ప్రయాణం చేసి రావాల్సిన పని లేదు, అందుకే కన్ను నల్లగానే ఉండిపోతుంది. నిజమైన ఆల్బినోకి కన్ను గులాబీగానో ఎర్రగానో కనిపిస్తుంది. ఆ నల్లరంగు లేకపోతే వెలుతురు లోపల చెదురుతుంది, ఇబ్బంది పెడుతుంది, అంతే తప్ప అదీ గుడ్డిది కాదు.

"పుట్టుగుడ్డిది"

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందా అని ఆలోచిస్తే నాకు రెండు జంతువులు తడుతున్నాయి. ఒకటి ఓల్మ్, స్లొవేనియా, క్రొయేషియా వైపు గుహల్లో ఉండే సాలమాండర్. పాలిపోయిన ఒళ్ళు, బయటికి కనిపించే మొప్పలు, చూడగానే ఆక్సోలాటల్ బంధువేనేమో అనిపిస్తుంది. దాని కళ్ళు చర్మం కింద కప్పబడిపోయి ఉంటాయి. రెండోది మెక్సికో గుహల్లోని గుడ్డి చేప, పిండంలో కన్ను మొదలై తర్వాత కరిగిపోయే రకం. మెక్సికో, తెల్లటి జీవి, చూపు లేదు, ఈ మూడింటినీ ఎవరో ఒక మూటలో కట్టేసినట్టున్నారు. ఇది నా ఊహే. కానీ ఆక్సోలాటల్ గుహ జీవి కాదు. దాని సొంతిల్లు మెక్సికో సిటీలోని సోచిమిల్కో, చినాంపా అనే మళ్ళ మధ్య పారే కాలవలు. చాల్కో సరస్సులో కూడా ఉండేది, దాన్ని ఎండగట్టేశారు. సోచిమిల్కో నీళ్ళు మురికిగా, మసకగా ఉంటాయి నిజమే, కానీ పైన ఆకాశం ఉంది, ఎండ పడుతుంది. కన్ను పూర్తిగా దండగ అనిపించే చోటు కాదది.

"వాసన ఒక్కటే దాని లోకం"

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే పోస్టులో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

తెలిసినవాళ్ళ ట్యాంకు ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని చూశాను. వానపాము ముక్కని దాని తోక వైపు జారవిడిచారు. కాసేపు ఏమీ లేదు, రాయిలా ఉంది. తర్వాత తల కొంచెం లేచింది, నాలుగు కాళ్ళ మీద మెల్లగా వెనక్కి తిరిగి, మూతిని అటూ ఇటూ ఊపుకుంటూ వచ్చింది, ముక్కని దాటి వేలెడు దూరం ముందుకెళ్ళిపోయింది, మళ్ళీ వెనక్కొచ్చి అప్పుడు గుటుక్కున లాగేసింది. అది ముక్కుతో జరిగిన పని, ఒప్పుకుంటా. కానీ తర్వాత కడిగిన ఖాళీ పట్టకారు కొసని మూతి ముందు ఊపితే టప్పుమని దాన్నీ అందుకుంది. అందులో తిండి లేదు, వాసనా లేదు. సరే, నీళ్ళ కదలిక తగిలి ఉంటుంది అనుకుందాం. మరి గాజుకి బయటి వైపు వేలు ఆడిస్తే తల వేలు వెంట ఎందుకు తిరిగింది? గాజు లోంచి వాసన రాదు, నీళ్ళూ కదలవు. ఇది ప్రయోగం అనట్లేదు, ఒక్క ట్యాంకులో ఒక్క రోజు ముచ్చట, నేను బల్లకి చెయ్యి తగిలించి ఉంటే ఆ అదురు కూడా దానికి తెలిసి ఉండొచ్చు.

పక్కా ప్రయోగం కావాలంటే 1943 నాటి రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త పని చూడండి. ఆక్సోలాటల్ మీద కాదు, న్యూట్ల మీద, అవీ సాలమాండర్ల కుటుంబమే, వాటికీ ముక్కు బాగానే పని చేస్తుంది. ఆయన న్యూట్ కంటిని దాని గుంతలోనే 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ మాననిచ్చాడు. ఇప్పుడు ఎర పైన ఆడిస్తే ఆ జంతువు కిందికి దూకుతుంది, ముందు ఆడిస్తే వెనక్కి తిరుగుతుంది. రోజులు గడిచినా దిద్దుకోలేదు. వాసనొక్కటే లోకమైతే కంటిని ఎలా తిప్పితే దానికేం? ముక్కు చెప్పిన వైపు పోవాలి కదా. అలా జరగలేదు, తిరగబడిన కన్ను చెప్పిన మాటే విని తప్పు దారి పట్టింది.

ఇక ముక్కు, కన్ను కాక మిగిలినవి. చేపలకి ఉండే పార్శ్వరేఖ అవయవాలు ఆక్సోలాటల్‌కీ ఉన్నాయి. తల మీదా ఒంటి పక్కలా చిన్న చిన్న గుంపులుగా ఉండే ఈ కణాల వెంట్రుకలు పక్కన నీరు కదిలితే వంగుతాయి, ఎర ఎటు నుంచి వస్తోందో ఆ వంపే చెబుతుంది. ఇవి ఒక రకం. రెండో రకం తల మీదే ఉంటుంది, సన్నటి గుంటల్లో, వాటిని యాంపుల్లరీ అవయవాలంటారు, అవి బలహీనమైన విద్యుత్తుని పసిగడతాయి. అవును, కరెంటే. నీళ్ళలో ఏ జీవి కదలకుండా ఉన్నా దాని చుట్టూ అతి స్వల్పమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది, సొరచేపలు ఇసుకలో దాక్కున్న చేపని పట్టేది దాంతోనే. ఆక్సోలాటల్‌కీ ఆ విద్య ఉందని 1980ల మొదట్లో నాడుల్లో స్పందనని కొలిచి మరీ చూపించారు. కప్పలకి, వాటి తోకపిల్లలకి ఇది లేదు, పోగొట్టుకున్నాయి. బురద నీటిలో, చీకట్లో, కదలకుండా పడుకున్న పురుగుని కూడా పట్టుకోగల జ్ఞానం ఉన్న జంతువుని "పాపం, వాసన తప్ప ఏమీ లేదు" అంటుంటే నాకైతే నవ్వొస్తోంది.

వాసనలోనూ రెండు దారులున్నాయి. మామూలు ముక్కు పొర ఒకటి, వోమెరోనేసల్ అనే అవయవం ఇంకొకటి. ఎదుటిది ఆడా మగా అనేది నీటిలో కరిగిన రసాయనాలతోనే వీటికి తెలుస్తుంది. అంటే వాసన గొప్పదన్న మాట నిజమే, "ఒక్కటే" అన్నది అబద్ధం.

"చెవులు లేవు"

బయటికి చెవి లేదు, కర్ణభేరి కూడా లేదు. లోపలి చెవి ఉంది. మంద్రమైన మోతలు, నేల అదురు, ఫిల్టరు మోటారు గరగర అన్నీ అందుతాయి. దీనికి ఇంతకన్నా రాయక్కర్లేదు.

"ఎంత లైటు వేసినా తేడా తెలీదు"

ఈ ఒక్క ముక్క ఎవరైనా నమ్మితే నష్టపోయేది మనిషి కాదు, జంతువు. మనకి వెలుతురు ఎక్కువైతే రెప్ప వేస్తాం. దీనికి వేయడానికి రెప్పే లేదు. థైరాయిడ్ హార్మోను ఇచ్చి ఆక్సోలాటల్‌ని నేల మీద తిరిగే రూపానికి మారిస్తే అప్పుడు మొప్పలు పోతాయి, కళ్ళు ఉబ్బుతాయి, రెప్పలు వస్తాయి. మామూలుగా మాత్రం జీవితాంతం పిల్ల రూపంలోనే ఉండిపోతుంది కాబట్టి రెప్పలు లేకుండానే బతుకు వెళ్ళదీస్తుంది. ప్రకాశం భరించలేకపోతే చేయగలిగింది ఒక్కటే, ఏదో ఒక నీడలోకి దూరడం, ట్యాంకులో ఆ నీడ పెట్టాల్సింది మనమే. చిన్న కుండ పెంకు బోర్లించినా చాలు.

అయితే నా పక్షాన వాదించేవాళ్ళకీ ఒక చురక. "టార్చి వేస్తే పారిపోతుంది, కాబట్టి చూస్తుంది" అని వీడియోలు పెడుతున్నారు, అది రుజువు కాదు. సాలమాండర్లకి కంటితో పనిలేకుండా కూడా వెలుతురు తెలుస్తుంది. టైగర్ సాలమాండర్లు మెదడు పైన ఉండే పీనియల్ అనే చిన్న అవయవం ద్వారా ఆకాశపు కాంతిని పట్టి దిక్కు తెలుసుకుంటాయని 1970లలో ప్రయోగాలతో చూపించారు. అంటే ఒకవేళ ఆక్సోలాటల్‌కి కళ్ళు నిజంగానే పోయినా, లైటుతో తేడా లేదనే ధైర్యం అప్పుడు కూడా ఎవరికీ ఉండకూడదు. పోస్టు మాట రెండు వైపులా తప్పే.

"కన్ను పోయినా మళ్ళీ మొలుస్తుంది"

మొదటి లైనులో కళ్ళు అలంకారానికే అన్నాయన చివరి లైనుకి వచ్చేసరికి ఆ అలంకారం మళ్ళీ మొలుస్తుందని హామీ ఇస్తున్నాడు, సరే. కాలు తెగితే ఎముక, కండ, వేళ్ళతో సహా కాలు వస్తుంది, తోక వస్తుంది, వెన్నుపాము అతుక్కుంటుంది, గుండెలో, మెదడులో కొంత భాగం పోయినా పూడుతుంది. ఈ పేరు చూసుకునే అందరూ కన్నుని కూడా ఆ లెక్కలో కలిపేస్తున్నారు. లెన్సుని మళ్ళీ తయారు చేసుకునే శక్తి ఆక్సోలాటల్‌కి ఉంది, కానీ గుడ్డులోంచి బయటికొచ్చిన సుమారు రెండు వారాల వరకే. ఆ గడువు దాటితే లేదు. ఈ విషయంలో న్యూట్ దీనికన్నా ఘనం, ముసలిదైనా లెన్స్ మొలిపించుకుంటుంది. ఇక కంటిని కంటిగా మొత్తం పీకేస్తే ఆక్సోలాటల్‌కి అది తిరిగి రాదు.

ఈ తేడా పెంచేవాళ్ళకి ఊరికే తెలుసుకునే సమాచారం కాదు. చిన్న ఆక్సోలాటళ్ళని ఇరుకుగా ఒకేచోట ఉంచితే, ముందు ఏది కదిలినా అందుకునే ఆ అలవాటుతోనే, ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. కాలు కొరికితే కొన్ని వారాలకి వస్తుంది. కన్ను పోతే పోయినట్టే, ఆ వైపు చీకటే. అలాంటిది కూడా బతుకుతుంది, తింటుంది, తిండిని మూతికి బాగా దగ్గరగా పెట్టాలి, అది వెతుక్కునేదాకా కొంచెం ఓపిక పట్టాలి. ఆ పోస్టు రాసినాయన ఎప్పుడైనా నిజంగా చూసింది ఇలా కొరికించుకున్నదాన్నేనేమో.